పదిహేను ఎత్తుల నీళ్ళు

మొదటి రోజు

ఈ చిట్టా రాయకూడదనే అనుకున్నాను. చదరంగం బల్ల మీద ఏ పావు ఎప్పుడు ఎక్కడికి కదిలిందో పంపుకొట్టంలో నీళ్ళు పంచే యంత్రమే రాసిపెట్టుకుంటుంది. నా రాతలో ఉన్నన్ని కొట్టివేతలు దాని రాతలో ఉండవు. పైగా పంతొమ్మిదేళ్ళుగా నేను రాసిన చిట్టాలను చదివినవాడు ఒక్కడే. అది నేనే, అదీ కొత్త కళ్ళద్దాలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి. అయినా పొద్దున వన్నూరమ్మ వచ్చి, "తాతా, ఓడిపోతే ఊరంతా నన్ను తిడతారు. ఎందుకట్లా ఆడినానో ఒక్కచోటన్నా రాసిండాల" అంది.

"గెలిస్తే?"

"గెలిస్తే ఎవరూ ఏమీ అడగరులే."

అందుకని రాస్తున్నాను.

నా పేరు ఓబులేసు. మాది మిట్టూరు, రెండో వీధి. పంతొమ్మిదేళ్ళు మా ఊరి తరఫున తెల్ల పావుల వెనక కూర్చున్నది నేనే. ఎదురుగా నల్ల పావుల వెనక దిగువపాలెం గురప్ప. నా భార్య హనుమక్కకు తమ్ముడు. ఏడాదికొక ఆట, పంతొమ్మిది ఆటలూ డ్రా. ఆడాం అనడం కంటే కూర్చున్నాం అనడం నిజం. రోజుకొక ఎత్తు చొప్పున పావులను గోడలా పేర్చుకోవడం, ఒకరి జోలికి ఒకరు పోకపోవడం, ఇరవయ్యో రోజు లేచి చేతులు కలిపి ఇంటికి పోవడం. మా ఇద్దరికీ ఆట రాక కాదు. ఆ బల్ల మీద పావు పోతే ఊళ్ళో ఒక గొట్టం మూసుకుంటుంది. బంటు పోతే ఒక వీధి పంపు. గుర్రం పోతే ఒక పశువుల తొట్టి. గెలిచిన ఊరివి ఆట ముగియగానే తెరుచుకుంటాయి; ఓడినవాళ్ళవి, డ్రా అయితే ఇద్దరివీ, ఏడాది మూతే. అట్లాంటి చోట సరదాకు ఎవరాడతారు?

ఈ ఏడు నన్ను దింపారు. నా కళ్ళ మీదికి నెట్టారు గానీ అసలు కారణం నీళ్ళు. రెండూళ్ళకూ బోరు ఒక్కటే. ముప్పై రెండు గొట్టాలూ తెరిచి ఉంటే మా మిట్ట మీదికి నీళ్ళు ఎక్కడం లేదు. దిగువపాలెంలో ధార పడుతుంటుంది, మా వీధుల్లో బిందె నిండేలోపు మనిషికి ఒక కునుకు పడుతుంది. వాళ్ళవి నాలుగు గొట్టాలు మూతపడితే తప్ప మాకు ఎక్కవని వన్నూరమ్మ తేల్చింది. గొట్టాలు బిగించే పనే ఆమెది కాబట్టి ఆమె మాట కాదనడానికి లేదు. అంటే ఇంకా డ్రాలు చేసుకుంటూ పోతే మేము మర్యాదగా ఎండిపోతామన్నమాట. అందుకని నన్ను లేపి ఆమెను కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళ మనిషి. ఆట నా దగ్గరే నేర్చుకుంది, నా దగ్గర లేనిది కూడా ఎక్కడో నేర్చుకుంది. నన్ను చిట్టా రాసేవాడిగా పక్కన ఉంచుకున్నారు.

ఇవాళ, ఎండ ముదిరింది ఇళ్ళలోకి పొమ్మని మోగే ఎండ సైరన్‌కు ముందే రాజు ముందరి బంటును రెండు గడులు నడిపింది. సాయంత్రం గురప్ప కూడా అదే చేశాడు. ఇంటికొచ్చి చెబితే హనుమక్క, "అంతేనా? దానికి పొద్దుగూకేదాకా కూర్చోవాల్నా?" అంది.

రెండో రోజు

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఏ పావునైనా ఎరగా పెట్టదలుచుకుంటే, ఆడేవాళ్ళు ముందు ఆ గొట్టం దగ్గరికి పోవాలి. అక్కడ ఆ పొద్దున నీళ్ళు పట్టుకున్నవాళ్ళెవరైనా తమ చెంబుతో ఇచ్చిన నీళ్ళు తాగాలి. అది తాగితేనే ఆ పావు మీద చెయ్యి వెయ్యాలి. చెంబు ఇచ్చేది లేదు అనడానికి ఆ వీధికి హక్కుంది. పంతొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా అట్లా తాగలేదు. నా వెంట ఎవరూ చెంబు పట్టుకుని తిరగలేదు కూడా.

వన్నూరమ్మ పొద్దున్నే నాలుగో వీధికి పోయింది. వెనక నేను. పంపు దగ్గర వరసలో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి ఇటు తిరిగారు. లింగన్న అనే మేకలాయన ముందుకొచ్చాడు.

"మా వీధేనా మే?"

"మీదే మామా. మొదట మీది."

"మొదట అంటే? ఇంగా ఉండాయా?"

"ఉండాయి."

"ఎన్నాళ్ళు?"

"గెలిస్తే పదహైదు, ఇరవై దినాలు. ఓడితే వచ్చే ఏడాది దాకా."

లింగన్న పంపు వైపు చూశాడు. అది అప్పటికి అరబిందె కూడా పోయలేదు. "ఇది ఉండి మాత్రం ఏం పొడుస్తాండాది" అని తన చెంబు ఇచ్చాడు. ఆమె నిలబడే తాగింది.

మంత్రి ముందరి బంటు నడిచింది. సాయంత్రం గురప్ప దాని వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. ఇరవై ఏళ్ళలో అతని ముందు తినడానికి వీలుగా పెట్టిన మొదటి పావు అది. తిన్నాడు. గోడ వెనక ఎక్కడో టక్‌మని ఒక చప్పుడు వచ్చింది. గొట్టం మూసుకునే చప్పుడు అంత చిన్నదని నాకు ఇవాళే తెలిసింది.

మూడో రోజు

మూడో వీధి. చెంబు ఇచ్చారు గానీ కసురుకుంటూ ఇచ్చారు. సాయంత్రం నిన్నటి నల్ల బంటే దాన్నీ తిన్నది. దిగువపాలెం వాళ్ళు తమ పంపులకు వేపమండలు కట్టి డప్పు కొడుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడు వినిపిస్తోంది.

ఇక్కడ పుస్తకం సంగతి చెప్పాలి, లేకపోతే వన్నూరమ్మకు పిచ్చి పట్టిందని చదివేవాళ్ళు అనుకుంటారు. మా పాత బడి అటక మీద నాకొక చదరంగం పుస్తకం దొరికింది. అట్ట లేదు, పేరు లేదు, ఎలుకలు రెండు వైపుల నుంచీ చదువుకుంటూ వచ్చి మధ్యలో కొంత నాకు వదిలాయి. నేను బడిలో నేర్చింది అక్షరాలు మాత్రమే. మిగతాదంతా ఇట్లా ఎలుకల మిగులే. గొట్టాలూ నీళ్ళూ లేని కాలంలో ఎవరో తీరిగ్గా రాసిన పుస్తకం అది. అందులో ఈ ఓపెనింగ్ ఉంది. తెల్ల ఆయన వరసగా మూడు బంట్లు ఎర వేస్తాడు. నల్ల ఆయన ఒక్క బంటుతోనే మూడూ తింటూ పోతాడు. ఆ తినే మూడు రోజుల్లో తెల్ల ఆయన రెండు శకట్లూ ఎదుటి రాజు మీదికి బారుగా తెరుచుకుంటాయి. మొదటిసారి చదివినప్పుడు నాకు చెమట పట్టింది. వెంటనే పుస్తకం మూసేశాను.

ఎందుకంటే అదే పేజీ చివర ఇంకొక వాక్యం ఉంది. నల్ల ఆయన తిన్నదంతా దాచుకోకుండా, అయిదో ఎత్తులో తన బంటునొకటి తిరిగి ఇచ్చేస్తే చాలు, దెబ్బంతా చల్లారిపోతుంది అని. అంటే ఈ దాడికి మందు తెలిసిందే. ఆ మందు గురప్పకు తెలుసు. ఒక ఏడాది మాటల మధ్యలో నేనే అతనికి చెప్పాను.

ఆ సంగతి ఇవాళ వన్నూరమ్మతో ఒప్పుకున్నాను.

"తెలుసులే తాతా, నువ్వు చెప్పకుండా ఉంటావా" అంది. "ఆ పుస్తకం రాసినాయన బంటు పోతే బంటే పోయిందనుకున్నాడు. మనకు వీధి పోతాది. గురప్ప మామ తిరిగి ఇయ్యాలంటే యా వీధి ఇస్తాడు? ఎవర్ని అడుగుతాడు?"

నాలుగో రోజు

ఇవాళ మాది. రెండో వీధి.

చెంబు ఎవరిస్తారా అని చూశాను. అందరూ నా మొహమే చూశారు. నేర్పినవాడివి నువ్వే కదా అన్నట్టు. ఇంట్లోకి పోయి హనుమక్కను అడిగితే, "నీకు చెంబు యాడుంటాదో కూడా తెలీదు" అంటూ తానే తెచ్చి ఇచ్చింది. వన్నూరమ్మ తాగి, చెంబు బోర్లించి అరుగు మీద పెట్టింది. మేము ఇల్లు వదిలేదాకా ఆ చెంబును ఎవరూ నిటారుగా పెట్టలేదు.

తెల్ల శకటు బయటికొచ్చింది. సాయంత్రం అదే నల్ల బంటు మా వీధిని తిన్నది. మూడు రోజుల్లో మూడు వీధులు, ఒక్క బంటు. నేను ఇల్లు చేరేసరికి మా పంపు చివర ఒక బొట్టు వేలాడుతోంది. కాసేపు చూశాను. రాలలేదు, ఎండలో అట్లాగే ఎగిరిపోయింది.

సాయంత్రమే సామాన్లు తీసుకుని ఆరో వీధిలో హనుమక్క పినతల్లి కూతురు ఇంటికి చేరాం. పడుకోవడానికి వరండా ఇచ్చారు. ఆ వీధి పెద్ద ఫకీరప్ప వచ్చి, బిందెకు బిందె లెక్కపెట్టుకోవాలని, మాకు మా వంతు లేదని, ఇంటివాళ్ళ వంతులోనే సర్దుకోవాలని చెప్పి పోయాడు. మర్యాదగానే చెప్పాడు.

అయిదో రోజు

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున వన్నూరమ్మ రెండో శకటుతో ఆ నల్ల బంటును తిన్నది. దిగువపాలెం అయిదో వీధి పంపు మూసుకుంది. వాళ్ళ ఊళ్ళో పంపు మూతపడడం ఇదే మొదలు. ఎండ సైరన్ కూడా లెక్కచెయ్యకుండా జనం గుడ్డలు తలమీద కప్పుకుని పంపుకొట్టానికి వచ్చేశారు. కొట్టానికి రెండు వైపులా ఇనుప జాలీ కిటికీలున్నాయి, ఒక్కో ఊరికి ఒక్కో వైపు. వాళ్ళ వైపు జాలీ నిండా వేళ్ళు.

గురప్ప వచ్చాడు. కూర్చున్నాడు. ఆ ఒక్క ఎత్తు అతనికి తెలుసు. నాకు తెలుసు. వన్నూరమ్మకు తెలుసు. ముగ్గురం ఒకే గడిని చూస్తున్నాం. అతని నాలుగో బంటు రెండు గడులు ముందుకు నడవాలి. దాన్ని మేము తింటాం, వాళ్ళ నాలుగో వీధి పోతుంది, మా దాడి అక్కడితో చల్లారుతుంది. మూడు వీధులు పోగొట్టుకుని, తెరవలేక, డ్రా కోసం బతిమాలుకుంటూ కూర్చుంటాం.

గురప్ప వేలు ఎత్తి ఆ బంటు పైన పెట్టాడు. ఇంకా తాకలేదు.

జాలీ వెనక నుంచి ఒక ఆడమనిషి అరవకుండా, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే అంది. "గురప్పా, అది మా వీధి."

అతని వేలు ఆగింది.

"మూడు తింటివి కదప్పా. మూడు తిన్నోడివి మాదెందుకు ఇస్తావు?"

ఇంకెవరో మగమనిషి అందుకున్నాడు. "పొద్దున్నే అయిదో వీధి పాయ. ఇప్పుడు నువ్వే చేత్తో నాలుగోది ఇస్తావా? తాగి వచ్చినావా ఏమన్నా?"

"అట్ల కాదు..." అని గురప్ప మొదలుపెట్టాడు. బల్ల దగ్గర ఆట మాట ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తు చెల్లదు. అతను నోరు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మొహం. ఆ మొహంలో అంత అవమానం నేను ఎన్నడూ చూడలేదు.

వేలు పక్కకు జరిగింది. శకటును బయటికి తీసి మా రాజుకు చెక్ పెట్టాడు. అది మంచి ఎత్తే, కానీ ఆ ఎత్తు కాదు.

బయటికొచ్చాక వన్నూరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గెలిచినట్టు లేదు. "ఆయమ్మ పేరేంది తాతా?" అని అడిగింది. నాకు తెలియదు.

ఆరో రోజు

రెండు వైపులా గుర్రాలు బయటికొచ్చాయి. తినడాలు లేవు.

ఖాళీ దొరికింది కాబట్టి చెబుతాను. ఈ యంత్రానికి చదరంగం ఎందుకు పెట్టారని అడిగేవాళ్ళుంటారు. మొదట్లో అది అర్జీలు తీసుకునేదట. ఎవరికెన్ని నీళ్ళు కావాలో చెప్పుకుంటే విని పంచేది. మా నాన్న చెప్పేవాడు, ఆ ఏడు మిట్టూరులో ఎనిమిది వందల మంది ఉంటే అర్జీల్లో నాలుగు వేల మంది దాహంతో చచ్చిపోతున్నారట. దిగువపాలెంలో లేని ఎద్దులు పదివేలు. బాగుచెయ్యడానికి వచ్చిన ఇంజనీరు ఒకాయన విసుగెత్తి, బల్ల మీద అబద్ధం చెప్పడం కుదరదు కదా అని ఈ ఏర్పాటు చేసి పోయాడట. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడు. ఆయన ఇంట్లో పంపు ఉండి ఉంటుంది.

ఏడో రోజు

అయిదో వీధి. వన్నూరమ్మ చెంబు తాగి వచ్చి, రెండో గుర్రాన్ని మొదటిదానికి తోడుగా తెచ్చి, మొదటి రోజు నడిచిన బంటును దిక్కులేకుండా వదిలేసింది. గురప్ప గుర్రంతో తిన్నాడు. ఇప్పటికి నాలుగు వీధులు. ఊళ్ళో మిగిలిన నాలుగు పంపుల దగ్గర మాటలు పెరుగుతున్నాయి. ఆరో వీధి వరసలో ఒక పిల్లతల్లి నన్ను చూపించి, "ఈయన పుస్తకమంట" అని పక్కామెతో అంది.

తొమ్మిదో రోజు

నిన్న రాయలేకపోయాను. నిన్నా ఇవాళా కలిపి మా రెండు పశువుల తొట్లూ పోయాయి, వాళ్ళదొకటి పోయింది. మేకలను వాగు గుంతలోకి తోలారు. అక్కడ తడిసిన ఇసుక తప్ప ఏమీ లేదు.

లింగన్నతో పాటు పదిమంది వన్నూరమ్మ ఇంటి ముందు నిలబడ్డారు.

"చాలు మే. ఇంగ డ్రా అడుగు."

"ఇప్పుడు డ్రా అంటే పోయినవి పోయినట్టే మామా. ఏడాది."

"గెలుస్తానని రాసిస్తావా?"

"రాసియ్యను."

"మరి?"

"మరేం లేదు. ఆడతాను."

లింగన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సామీ. ఆ పుస్తకంలో ఇక్కడి నుంచి ఏముండాది?"

అయిదో ఎత్తు తర్వాత పేజీ లేదని, ఎలుకలు తిన్నాయని చెప్పాను. నిజమే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

పదో రోజు

మా శకటు వాళ్ళ శకటును తిన్నది; వాళ్ళ ఇటుక బట్టీ గొట్టం పోయింది. వాళ్ళవి మూడు మూతపడ్డాయి, ఇంకొకటి కావాలి. సాయంత్రం గురప్ప తన మంత్రిని మా కోట ముందుకు తెచ్చి నిలబెట్టాడు. చూస్తే భయం వేసేలాగే ఉంది.

పదకొండో రోజు

ఏనుగు నేరుగా గీత మీదికి వచ్చి చెక్ చెప్పింది. గురప్ప రాజు ఒక గడి పక్కకు తప్పుకున్నాడు. ఇక ఆ రాజు కోట కట్టుకోలేడు, నడిబజారులో నిలబడ్డట్టే. వాళ్ళ మంత్రి ఒక్కడే అన్ని వైపులా కాపలా.

ఆ మంత్రిని పక్కకు లాగాలి. లాగడానికి ఎర కావాలి. వన్నూరమ్మ చూపు ఎక్కడుందో చూశాను. ఆరో బంటు మీద. అంటే ఆరో వీధి. మేము ఇప్పుడు ఉంటున్న వీధి.

పన్నెండో రోజు

ఫకీరప్ప వీధి మొదట్లోనే అడ్డంగా నిలబడ్డాడు. వెనక మనుషులు. ఎవరి చేతిలోనూ చెంబు లేదు. అడిగితే కాదనలేమని ఇంట్లో పెట్టి వచ్చారు.

"నాలుగు వీధులోళ్ళను మా వీధిలో పెట్టుకున్నాం" అన్నాడు. "ఒక పంపుతో అందరం తాగుతాండాము. ఇది కూడా మూస్తే యాడికి పోవాల?"

"మూడు నాళ్ళు చిన్నాయనా. ఎక్కువ కాదు."

"నాలుగో వీధిలో పదహైదు అంటివి."

"అది మొత్తం లెక్క. ఇప్పటి నుంచి మూడు."

"మాటలు బాగా నేర్చినావు. చెంబు మాత్రం రాదు."

ఎండ సైరన్‌కు ఇంకా గంట ఉంది. ఆలోపు ఎత్తు పెట్టకపోతే ఆట పోయినట్టు యంత్రం రాసుకుంటుంది. ఇంకేదో ఎత్తు ఆడవచ్చు, కానీ అప్పుడు ఆ మంత్రి కదలడు. కదలకపోతే గురప్పకు ఊపిరి తిరుగుతుంది. పోయిన ఆరు గొట్టాలూ ఏడాది మూతే. ఇవన్నీ నేను ఒక్క చూపులో లెక్కపెట్టుకున్నాను, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పుస్తకం నాది కదా.

అప్పుడు హనుమక్క వరండా దిగింది. చేతిలో మా చెంబు కాదు, వాళ్ళింటి స్టీలు గ్లాసు. మా చెంబు రెండో వీధి అరుగు మీదే ఉండిపోయింది.

ఫకీరప్ప, "అక్కా, నీది ఈ వీధి కాదు" అన్నాడు.

"పొద్దున ఈ పంపులో పట్టింది నేనే కదప్పా. లైన్లో నా వెనకాలే నువ్వు నిలబడుంటివి. పట్టుకున్నోళ్ళు ఇయ్యొచ్చనే కదా మన కట్టుబాటు."

"నువ్వు పుట్టింది దిగువపాలెంలో. మీ తమ్ముడే ఆడతాండాడు ఆ పక్క."

"అందుకే చెప్తాండా" అంది హనుమక్క. "వాడు పెట్టింది తినకుండా లేచే రకం కాదు. చిన్నప్పుడు నా ముద్ద కూడా తినేసి, మళ్ళీ ఇంగ లేదా అని నన్నే అడిగేవాడు. ఆ బంటు ముందర పెడితే తింటాడు. తాగు మే, నిలబడి చూస్తావేంది."

వన్నూరమ్మ తాగింది. ఎవరూ ఆపలేదు.

బంటు నడిచింది. సాయంత్రం గురప్ప మంత్రితో దాన్ని తిన్నాడు. ఆ ఊరివాళ్ళు జాలీ వెనక చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చేసరికి మా సామాన్లు రోడ్డు మీద ఉన్నాయి. మంచం, మూటలు, నా చిట్టాలు. చిట్టాలను వరసగా పేర్చి పైన రాయి పెట్టారు, గాలికి ఎగరకుండా. హనుమక్క వాటి పక్కన మంచం మీద కూర్చుని ఉంది. "నా వల్లే గదా" అంది. కాదన్నాను. "అయితే నీ వల్లే" అంది. ఇద్దరం మంచం మోసుకుని ఏడో వీధికి పోయాం.

పదమూడో రోజు

పొద్దున మా శకటు వాళ్ళ ఏడో వీధి బంటును తిన్నది. నాలుగోది. గురప్ప ఏనుగును పక్కకు జరుపుకున్నాడు.

ఎండ సైరన్ మోగుతుంటే ఏడో వీధి పంపు దగ్గర పెద్ద అరుపు. మూతి బిగించిన పైపు నుంచి కూడా నీళ్ళు పక్కలకు చిమ్ముతున్నాయి. మేము పెట్టిన బిందె నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపు నిండి పొర్లింది. ఇన్నేళ్ళుగా చూడని ధార. వన్నూరమ్మ చెప్పింది నిజమే. వాళ్ళవి నాలుగు మూస్తే మాకు ఎక్కుతాయి. మావి ఏడు మూసే ఉన్నాయి కాబట్టి ఇంత ఒత్తిడి అని ఎవరో గొణిగారు. ఎవరూ వినిపించుకోలేదు.

రేపు ఏం ఆడతావని ఆమెను అడిగాను. చెప్పలేదు. "నువ్వు మొహంలో దాచలేవు తాతా, ఆయన నీ మొహం చదివేస్తాడు" అంది.

పద్నాలుగో రోజు

పొద్దున్నే వన్నూరమ్మ వెనక ఆసుపత్రికి పోతుంటే అర్థమైంది. మంత్రి పావు అంటే మా ఊళ్ళో ఆసుపత్రి గొట్టం.

నర్సు మస్తానమ్మ గుమ్మంలోకి వచ్చింది. లోపల రోగులు పదకొండు మంది.

"ఎన్ని రోజులు?"

"ఒక్క రోజు. లేకుంటే..."

"లేకుంటే ఏడాది. తెలుసు." వెనక్కి తిరిగి కేకేసింది. "అన్ని డ్రమ్ములూ నింపండి. బకెట్లు, గిన్నెలు, ఏముంటే అది." ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా వన్నూరమ్మ మెట్ల మీద కూర్చుని తన వేళ్ళనే చూసుకుంది. తర్వాత మస్తానమ్మ కొలత గీతలున్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు తెచ్చింది. "తాగి పో. నిలబడి నా మొహం చూడొద్దు."

మంత్రి పోయి గురప్ప మంత్రి పక్కనే, తినమన్నట్టు నిలబడింది. నేను బల్ల మీదికి వంగి చూశాను. ఏమీ కనబడలేదు. నన్ను దింపడానికి చెప్పిన కళ్ళ సాకు ఇప్పుడు నిజమే. అంతా అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం గురప్ప కూర్చున్నాడు. వెంటనే తినలేదు. బల్లను చూశాడు, తన రాజును చూశాడు, మా శకటును, మా ఏనుగును. వాళ్ళ ఊరివాళ్ళు జాలీ వెనక, "తిను, తిను" అంటున్నారు. అతను రాజు చుట్టూ ఉన్న గడులను ఒక్కొక్కటిగా చూపుతో తాకుతుంటే, అప్పుడు నాకూ కనబడింది. తింటే రేపు పొద్దున్నే ఆటకట్టు. తినకపోయినా కట్టే, ఇంకో రెండు మూడు రోజులు ఈడ్చి. అతను చూశాడు. నేను చూసిన దానికంటే ముందే చూశాడు.

తిన్నాడు.

చప్పట్లు మోగుతుండగా ఇద్దరం బయట రేకుల కింద నిలబడ్డాం.

"చూసే తిన్నావా గురప్పా?"

"చూసినా బావా."

"మరి ఎందుకు?"

"మీ ఆసుపత్రి గొట్టం లావుది. తెల్లారేదాకా మా వైపు పారితే మా నిలవ ట్యాంకులు రెండూ నిండుతాయి. ఏడాది నాలుగు గొట్టాలు లేకుండా గడపాల కదా." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తినకపోతే రెండు దినాలు ఆట సాగుతాది. ట్యాంకులు నిండవు. దానికంటే ఇది మేలు."

"ఊరికి చెప్పినావా?"

"ఏమని చెప్పేది? ఇప్పుడు చప్పట్లు కొడతాండారు. కొట్టనీ." తువ్వాలు భుజాన వేసుకుని, "అక్క ఎట్లుండాది?" అన్నాడు.

"ఏడో వీధిలో ఉన్నాం."

"ఆరో వీధి అంటిరే?"

"మారాం" అన్నాను.

పదిహేనో రోజు

వన్నూరమ్మ శకటును ఒక్క గడి వెనక్కి జరిపింది. రాజుకు పోవడానికి చోటు లేదు. గురప్ప తన రాజును వేలితో పడుకోబెట్టి లేచాడు. చేతులు కలిపాడు, ముందు ఆమెతో, తర్వాత నాతో. అయిదో రోజు మాట్లాడిన ఆడమనిషి వాళ్ళ వైపు జాలీ దగ్గరే ఉంది. అతను బయటికి పోతుంటే ఆమె దారి ఇచ్చింది.

గోడ వెనక టక్ టక్‌మని ఎనిమిది చప్పుళ్ళు. మా ఎనిమిది గొట్టాలూ తెరుచుకున్నాయి. ముందు ఆసుపత్రి. మధ్యాహ్నానికి వీధులు. ఫకీరప్ప మా మంచాన్ని తానే ఒకవైపు పట్టుకుని రెండో వీధి దాకా మోశాడు. దించేటప్పుడు "ఈ కాలు ఊగుతాండాది, మేకు కొట్టించు" అన్నాడు.

వన్నూరమ్మ ఇంటికి పోయి తలుపు వేసుకుని నిద్రపోయింది. గెలిస్తే ఎవరూ ఏమీ అడగరని ఆమె అన్నది సరిగ్గా జరిగింది.

పదహారో రోజు

పొద్దున ఆరింటికి రెండో వీధి పంపు దగ్గరికి పోయాను. తొమ్మిది మంది ఉన్నారు. చివరన ఒకామె రెండు ప్లాస్టిక్ బిందెలతో నిలబడి ఉంది, చెప్పుల నిండా ఎర్రదుమ్ము. దిగువపాలెం ఏడో వీధి అంది, అడగకుండానే. మొన్న మా శకటు తిన్న వీధి. ఎప్పుడు బయలుదేరిందంటే నాలుగింటికి అంది.

ముందున్న మనిషి వెనక్కి తిరిగి, "ఎన్ని?" అని అడిగింది.

"రెండు."

వరస జరిగింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.